ఆకు చూసి మందు చెప్పకండి

గంజాయి మొక్కలకు జబ్బు చూసి పదకొండేళ్లు జీతం తీసుకున్నాను. ఈ వాక్యం చదివి ముఖం చిట్లించేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్లతో నాకు పనుంది.

ఈ మధ్య అమెరికాలో రాష్ట్రాలు ఒకటి తర్వాత ఒకటి చట్టాలు మార్చుకుంటున్నాయి. వ్యవసాయం చదివిన పిల్లలు, ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు కూడా, ఈ పనిలోకి వస్తున్నారు. "ఆంటీ, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?" అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. ఇంటర్వ్యూ సంగతి నాకు తెలియదు. జబ్బుపడ్డ కుండీ ముందు నిలబడ్డాక ఏం చేయాలో మాత్రం కొంత తెలుసు. ఆ కొంత తెలుసుకోవడానికి ఎంత అవమానపడ్డానో కూడా రాస్తేనే మీకు ఉపయోగం.

టమాటాల దుకాణం

నేను కోస్తాలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. మా ఆయన ఉద్యోగం వల్ల కాలిఫోర్నియాకు వచ్చి శాన్ రామన్‌లో కాపురం పెట్టాం. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఇంట్లో కూర్చున్నాను. వచ్చిన నెలలోనే, రెండువేల మూడులో, పక్క ఊరు డబ్లిన్‌లో టైర్ల కొట్టు పక్కనున్న తోటసామాను దుకాణంలో చేరాను. యజమాని పేరు గ్రెగ్. అంతకుముందు ఇరవయ్యేళ్లు ఇళ్లలో ఈతకొలనుల నీళ్లు సరిచేసే పని చేసినవాడు.

దుకాణం బోర్డు మీద టమాటా బొమ్మ ఉండేది. వచ్చినవాళ్లలో చాలామంది తాము పెంచేది టమాటాలే అనేవాళ్లు. డాక్టరు చీటీ ఉన్నవాళ్లు వైద్యానికి గంజాయి పెంచుకోవడానికి కాలిఫోర్నియా ఒప్పుకుంది. దేశం చట్టంలో మాత్రం అది నేరమే. అందుకని మేమూ టమాటాలే అనేవాళ్లం. ఐదు వేళ్లు విప్పిన చెయ్యిలాంటి ఆకును కౌంటర్ మీద పెట్టి, "నా టమాటా ఆకు ఇలా అయిందేమిటి?" అని అడిగిన పెద్దమనుషులకు నవ్వకుండా జవాబివ్వడం నా మొదటి శిక్షణ.

మన విద్యార్థులు కొందరు కూడా వచ్చేవాళ్లు. "బాల్కనీలో ఒక్క మొక్కే ఆంటీ, జస్ట్ క్యూరియాసిటీ" అన్నాడొకడు.

"ఏ వీసా మీద ఉన్నావు?"

"ఎఫ్-వన్."

"నీకు వీసా ఇచ్చింది కాలిఫోర్నియా కాదు నాయనా. ఆ కుండీలో నీ కాలేజీ కాగితం, ఆ ఐ-ట్వంటీ, పాతిపెట్టుకుంటావా? పో, కొత్తిమీర పెంచుకో."

వాడికి కొత్తిమీర విత్తనాలు అమ్మాను కూడా.

నిజానికి నేర్చుకోవాల్సినది

చేరిన మొదటి వారంలోనే గ్రెగ్‌తో గొడవపడ్డాను. ఆకు తెచ్చిన ఒకాయనకు నేను నత్రజని తక్కువైందని చెప్తుంటే, మధ్యలో వచ్చి కుండీ తెమ్మని పంపేశాడు.

"నేను నాలుగేళ్లు ఇదే చదివాను" అన్నాను.

"నేను ఇరవయ్యేళ్లు కొలిచాను" అన్నాడు. "ఆకు సగమే చెప్తుంది. పెంచేవాడు అదీ చెప్పడు. కుండీ అడుగున కారిన నీళ్లు పట్టి చూడు, తర్వాత నోరు విప్పు."

కాలేజీలో ఉదజని సూచిక అని బట్టీపట్టినదే ఇక్కడ పీహెచ్. మట్టి కుండీలో అది ఆరుకూ ఆరున్నరకూ మధ్య ఉంటే గంజాయి వేరుకు అన్నీ అందుతాయి. అంతకు మించి ఎనిమిది వైపు పోతే, అంటే మన భాషలో చౌడు తిరిగితే, మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. పులుపెక్కి ఐదు కిందికి దిగితే కాల్షియం, మెగ్నీషియం అందవు. కుండీ నిండా తిండి పెట్టుకుని మొక్క పస్తుంటుంది. అది తెలియనివాడు ఇంకో సీసా ఎరువు కొనుక్కుపోతాడు. మోకాళ్ల నొప్పులకని పెంచుకునే ఒక రిటైర్డ్ బస్ డ్రైవరు ఏడు రకాల సీసాలు పోసి ఆకుల కొసలన్నీ మాడ్చుకున్నాడు. రెండు వారాలు మంచినీళ్లు తప్ప ఏమీ పోయొద్దన్నాను. "అయితే నాకేమీ అమ్మవా?" అని అనుమానంగా చూశాడు. తర్వాత నేను మానేసేదాకా మా దుకాణానికే వచ్చాడు.

ఇంకో ముక్క. ఇనుము లోపం కొస చిగుళ్లలో కనబడుతుంది, ఎందుకంటే పాత ఆకులో ఉన్న ఇనుమును మొక్క కొత్త ఆకుకు తరలించలేదు. మెగ్నీషియాన్ని తరలించగలదు, కాబట్టి ఆ లోపం కింది ముదురాకుల్లో మొదలవుతుంది. రెండింటిలోనూ ఈనెలు ఆకుపచ్చగా మిగిలి, మధ్యభాగం పసుపెక్కుతుంది. ఫొటోలో పక్కపక్కన పెడితే పోల్చుకోలేరు. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: పై ఆకులా, కింది ఆకులా? ఈ ప్రశ్న అడగడం మరిచిపోయిన రోజు గురించే ఇదంతా రాస్తున్నాను.

కరివేపాకు వల్ల పట్టిన పొగరు

మా వైపు కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఆ నీళ్లు పోసిపోసి తెలుగు ఇళ్లలో కరివేపాకు మొక్కలన్నీ చిగుళ్లు పసుపెక్కి నిలబడేవి. నేను దుకాణంలో ఉన్నానని తెలిశాక, వాటిని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు కట్టి మరీ తెచ్చేవాళ్లు. గ్యాలన్ నీళ్లకు చెంచా వెనిగర్, కొంచెం ఇనుము మందు. నెలలో ఆకుపచ్చ. "పుల్లమజ్జిగ పోస్తున్నామండీ, మంచిదేనా?" అని అడిగితే, ఈ సున్నం నీళ్లకు మంచిదే పోయండి అనేదాన్ని. గుడిలో నన్ను ముందు ఎరగనట్టు తప్పుకున్న ఆడవాళ్లే ఇప్పుడు "గంజాయి డాక్టరమ్మా, మా కరివేపాకు చూడవూ" అని పక్కన చేరేవాళ్లు. వెటకారమని తెలిసీ ఆ పేరు నాకు నచ్చింది. ప్రమాదం అక్కడ మొదలైంది. ఒకే జబ్బును ఎక్కువసార్లు నయం చేసినవాళ్లకు వచ్చిన జబ్బల్లా అదే అనిపిస్తుంది.

ఫోనులో వైద్యం

ఒక జూలైలో శ్రీధర్ అనే అతను ఫోన్ చేశాడు. డబ్లిన్‌లోనే ఉంటాడు, సాఫ్ట్‌వేర్. ఎవరో నా నంబరు ఇచ్చారట.

"అక్కా, మా వైఫ్ వసుధకి బ్రెస్ట్ క్యాన్సర్. మూడు వారాలకోసారి కీమో. డాక్టర్ లెటర్ ఉంది, మేం సిటిజన్స్, అన్నీ లీగల్. ఇంటి వెనక ప్యాటియోలో ఒక ప్లాంట్ పెంచుతున్నాం. అది పసుపెక్కిపోతోంది."

ఆ మొక్క కథ కూడా చెప్పాడు. వసుధ పక్క కుర్చీలో కీమో ఎక్కించుకున్న ఒకావిడ తన మొక్క కొమ్మ తుంచి వేరు పట్టించి ఇచ్చింది, తను ఆరబెట్టుకున్న పూత కూడా ఒక సీసాలో ఇచ్చింది. బయట కొన్న రకాలకు గుండె దడదడలాడి భయపడిపోయిన వసుధ, ఈ రకం తీసుకున్న రోజున మాత్రం నాలుగు ముద్దలు తినగలిగింది. ఇచ్చినావిడ జూన్‌లో పోయింది. ఆ రకం ఏమిటో చెప్పేవాళ్లు లేరు, సీసాలోది అయిపోవచ్చింది. వసుధ బరువు తగ్గిపోతోంది. ఇంకా తగ్గితే వచ్చే డోసు వాయిదా వేస్తానని డాక్టరు చెప్పింది.

"ఈనెలు ఆకుపచ్చగా ఉన్నాయా?" అని అడిగాను.

"ఉన్నాయక్కా. మధ్యలోనే ఎల్లో."

"కుళాయి నీళ్లేనా?"

"అవే."

చాలు. నాకు తెలిసిపోయింది. వెనిగర్ చెప్పాను, ఇనుము మందు చెప్పాను. "పది రోజుల్లో తేరుకుంటుంది, రాసిపెట్టుకో" అని కూడా అన్నాను.

గ్రెగ్ పక్కనే బస్తాలు సర్దుతున్నాడు. మొక్కను చూశావా అని అడిగాడు.

"అక్కర్లేదు. ఇది వందసార్లు చూశాను."

"వందసార్లు చూసింది వేరే మొక్కల్ని" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసి తర్వాతి బేరం చూసుకున్నాను.

ప్యాటియో

పది రోజుల తర్వాత మళ్లీ ఫోన్. ఆకులు రాలుతున్నాయి, మిగిలిన వాటి అంచులు మాడి తుప్పు మచ్చలు పడుతున్నాయి. అప్పటికే పూత మొదలైంది. శనివారం పొద్దున్నే పీహెచ్, లవణాలు కొలిచే మీటర్లు సంచిలో వేసుకుని వెళ్లాను.

శ్రీధర్ వంటింట్లోంచి తీసుకెళ్లాడు. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపించాడు. వసుధ ఏ పూట ఏం తింది, ఎంత తింది, కంప్యూటర్లో గళ్లు గీసి ప్రింట్ తీశాడు. అన్నం గడులన్నీ ఖాళీ. మజ్జిగ గడిలో మాత్రం ప్రతిరోజూ మూడు గ్లాసులు.

"సాలిడ్స్ అసలు పోవట్లేదక్కా. మజ్జిగ ఒక్కటీ మిస్ అవ్వదు. అల్లం, ఉప్పు, ఇంగువ వేసి నేనే చేస్తాను. ఈ షీటే డాక్టర్‌కి మెయిల్ చేస్తున్నా. ఇంత తాగుతున్నా వెయిట్ ఎందుకు పడిపోతోందో ఆవిడకీ అర్థం కావట్లేదు. ఇంకేదో ఉందేమోనని స్కాన్‌లు రాస్తోంది."

వసుధ ప్యాటియోలో కుర్చీలో కూర్చుని ఉంది. నలభై కూడా ఉండవు. ఆగస్టు ఎండలో స్వెటర్, తలకు స్కార్ఫ్. కుర్చీకి చెయ్యిజాపు దూరంలో కుండీ.

"రండక్కా. మీ పేషెంట్ నాకంటే అందంగా ఉంది" అంది.

అందంగా లేదు. వంగి చూసిన మరుక్షణం నా చెవులు వేడెక్కాయి. పాడైనవి కింది ఆకులు. పై చిగుళ్లు మొన్నటిదాకా బాగానే ఉన్నట్టు తెలుస్తోంది. ఇది ఇనుము లోపం కాదు, మెగ్నీషియం అందక వచ్చినది. పులుపెక్కిన మట్టికి నేను ఇంకా వెనిగర్ పోయించాను.

మట్టి మీద తెల్లటి పొర, దాని మీద చిన్న దోమలు. చిటికెడు తీసి వాసన చూశాను. కడగని పాలగిన్నె వాసన. పైపొర కింద నుంచి మట్టి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, పావుగంట ఆగి మీటరు ముంచాను. నాలుగు పాయింట్ మూడు. మీటరును మళ్లీ సరిచూసుకుని ముంచాను. అదే. అడుగున కారిన నీళ్లలో లవణాలు కూడా ఉండాల్సిన దానికి మూడింతలు. చెంచా వెనిగర్ ఇంత పని చేయదు. అందులో ఉప్పూ ఉండదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉండాల్సింది. నాకు ఆగడం రాదు.

"దీనికి మజ్జిగ ఎవరు పోస్తున్నారు?"

శ్రీధర్ నవ్వాడు. "మజ్జిగా? నో అక్కా. నేను చేసేదంతా వసుధే తాగుతుంది."

వసుధ నవ్వలేదు. మొక్కను చూస్తూ ఉంది. అప్పటికి నాకు అర్థమైంది, కానీ అనేశాను కదా.

"నేనే" అంది.

శ్రీధర్ ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు. "ఎప్పుడైనా మిగిలితేనా?"

"మూడూ. లోపలికి వెళ్తే రెండు నిమిషాలు ఉండటం లేదు శ్రీ. సింకులో పోస్తే వాసనకి నీకు తెలిసిపోతుంది. కరివేపాకుకి పుల్లమజ్జిగ మంచిదని అక్క అందరికీ చెప్తారట కదా. నేను తాగకపోయినా ఇదైనా తాగి బాగుంటుందనుకున్నాను."

"అయితే నేను డాక్టర్‌కి పంపిన షీట్లు..."

"తప్పే."

"ఒక్క మాట నాకు చెప్తే ఏమైంది వసూ?"

"పొద్దున్నే నువ్వు అల్లం దంచుతుంటే వినబడుతుంది. అది విన్నాక ఎలా చెప్పమంటావు?"

అతను లోపలికి వెళ్లిపోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వచ్చింది.

వసుధ నా వైపు చూసింది. "మీరు నన్ను విడిగా అడగొచ్చు కదా అక్కా."

"అడగొచ్చు" అన్నాను. "తప్పు నాదే. ఇంకో తప్పు కూడా నాదే. చూడకుండా వెనిగర్ పోయమన్నాను. నువ్వు సగం చంపితే మిగతా సగం నేను చంపాను. ఇప్పుడు ఏడుస్తావా, లేచి ఆ బకెట్ అందిస్తావా?"

"బరువు ఎత్తొద్దన్నారు."

"ఖాళీ బకెట్టే."

అందించింది.

ఆ రోజు చేసిన పని

పూతలో ఉన్న మొక్కను కుండీ మార్చితే ఆ దెబ్బకు తట్టుకోదు. అందుకని రెండంగుళాల లోతున పుల్లమట్టి గీకి తీసేశాను. శ్రీధర్ కళ్లు తుడుచుకుని వచ్చి, కారు వేసుకుని వెళ్లి, డిస్టిల్డ్ వాటర్ గ్యాలన్లు మోసుకొచ్చాడు. అందులో కాసింత కాల్షియం, మెగ్నీషియం కలిపి పీహెచ్ సరిచూసి, కుండీలో పట్టే మట్టికి మూడింతల నీళ్లు నిదానంగా పోశాం. మొదట అడుగున కారినవి బియ్యం కడిగిన కలిలా ఉన్నాయి. మధ్యాహ్నానికి తేటపడ్డాయి. ఐదు పాయింట్ ఎనిమిది. అప్పుడు పైన కొత్త మట్టి, అందులో పిడికెడు డోలమైట్ సున్నం. పూతకు రాని రెండు కింది కొమ్మలు తుంచి వేరు పట్టడానికి పెట్టాం. తల్లి చచ్చిపోతే రకం నిలబడాలి కదా.

అడుగున కారిన నీళ్ల పీహెచ్ మట్టి పీహెచ్ కాదని ఇంటర్నెట్‌లో వాదించేవాళ్లున్నారు. నిజమే, కాదు. అందుకే మట్టిని కూడా కలిపి చూడమంటున్నాను. కానీ కుండీ ఏ దిక్కుకు పోతోందో ఆ నీళ్లు చెప్తాయి. రెండూ కొలవకుండా వాదించేవాళ్ల మొక్కలు ఎలా ఉంటాయో నేను చూశాను.

మీటరు వసుధ చేతిలో పెట్టాను. "మీ ఆయన కాదు, నువ్వు కొలువు. రెండు రోజులకోసారి నాకు ఫోన్ చెయ్. పాడైన ఆకు మళ్లీ ఆకుపచ్చ కాదు, దాన్ని చూసి దిగులుపడకు. కొత్తగా వచ్చే ఆకు ఎలా ఉందో అది చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఉన్నది ఉన్నట్టే చెప్తానక్కా" అంది.

శ్రీధర్ నాతో మాట్లాడలేదు. కారు దాకా సాగనంపలేదు. సోమవారం అతను డాక్టరుకు జరిగింది రాశాడని వసుధ ద్వారానే తెలిసింది. స్కాన్‌లు ఆపి, వాంతుల మందు మార్చారు. ఆ నెల డోసు మాత్రం వాయిదా పడింది. నేను జూలైలోనే వెళ్లి ఒక్క చిటికెడు మట్టి వాసన చూసి ఉంటే వాయిదా పడేది కాదేమో. పడేదేమో. ఈ రెండు వాక్యాల్లో ఏది నిజమో తేల్చుకోలేకే, ఆ తర్వాత మానేసేదాకా ఫోనులో ఒక్క మొక్కకు కూడా మందు చెప్పలేదు. కోపం తెచ్చుకున్నవాళ్లు తెచ్చుకున్నారు.

విడిగా అడగాల్సిందా అన్న దాని మీద నాతో నేను ఇప్పటికీ వాదించుకుంటాను. పెంచేవాళ్లు దాచేది ఎప్పుడూ ఉంటుంది. దాచినది కనిపెట్టడం మన పని, నలుగురిలో విప్పడం కాదు. కనుక ముందు నీళ్లు పోసేవాళ్లను ఒంటరిగా అడగండి. కానీ కనిపెట్టినది మింగి ఇంటికి వచ్చేయకండి. అలా చేసి ఉంటే ఆ మొక్క బతికేది, వసుధ తాగని మజ్జిగ మాత్రం డాక్టరు లెక్కలో సాగుతూనే ఉండేది.

అక్టోబర్

మూడో వారానికి కొసన మచ్చలేని కొత్త ఆకు వచ్చింది. వసుధ చెప్పే అంకెలు ఆరు చుట్టూ స్థిరపడ్డాయి. ఒకసారి ఐదు పాయింట్ నాలుగు అంది. "ఏం పోశావు?" అని గద్దించాను. "ఏమీ పోయలేదక్కా, మీటరు కడగలేదు" అంది. నిజమే, కడిగాక ఆరు పాయింట్ ఒకటి. పూత అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదు. రెండు కొమ్మల్లో ఒకటి కుళ్లింది, ఒకటి వేరు పట్టింది.

మందు మార్చాక కొన్ని పూటలు తిన్నది కడుపులో నిలిచింది, కొన్ని పూటలు లేదు. కొత్త పూత ఆరి సీసాలోకి వెళ్లిన వారంలో మళ్లీ బరువు చూసే రోజు వచ్చింది. ఆ పొద్దున్న నేను కౌంటర్‌లో ఇద్దరికి తప్పు చిల్లర ఇచ్చాను. పదకొండింటికి హాస్పిటల్ పార్కింగ్ లాట్ నుంచి ఫోన్ వచ్చింది.

"బరువు నిలిచిందక్కా. గురువారం ఎక్కిస్తారట."

వెనక నుంచి శ్రీధర్ గొంతు వినబడింది: "అక్కకి థాంక్స్ చెప్పు. కోపం పోయిందని కూడా చెప్పు."

"ఆయన కోపం సంగతి తర్వాత" అన్నాను. "నువ్వు పొద్దున ఏం తిన్నావు? ఉన్నది చెప్పు."

"రెండు ఇడ్లీలు."

"నిలిచాయా?"

"ఒకటి వాంతి అయింది" అంది వసుధ. "ఒకటి ఉంది."